ఇష్టపడి వెళ్లినా అక్రమ రవాణాయేనా? గోదావరి డెల్టాలో తరచుగా అడిగే ప్రశ్నలు

రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి, ఏటి అవతల నరసాపురం, పాలకొల్లు, ఆచంట. ఈ చుట్టుపక్కల గల్ఫ్‌లో ఎవరూ లేని వీధి వెతికితే గానీ దొరకదు. ఆ డబ్బుతోనే డాబాలు లేచాయి, అప్పులు తీరాయి, ఆడపిల్లల పెళ్లిళ్లు అయ్యాయి. అందుకే గల్ఫ్ వెళ్లొద్దని చెప్పే ఉద్దేశం మాకు లేదు. పాస్‌పోర్టు ఫారాలు నింపడం, అర్జీలు రాసిపెట్టడం మా పని. ఏజెంటు చెప్పింది ఒకటి, అక్కడ జరిగింది ఇంకొకటి అయినప్పుడు ఇంట్లోవాళ్లు వచ్చి అడిగే ప్రశ్నలే ఇవి.

మా వదిన ఇష్టపడే కువైట్ వెళ్లింది. ఎవరూ బలవంతం చెయ్యలేదు. ఇప్పుడు ఏడుస్తోంది. దీన్ని అక్రమ రవాణా అంటారా?

అనొచ్చు. అక్రమ రవాణా అనగానే కిడ్నాపులు, మత్తుమందులు గుర్తొస్తాయి. మన వైపు జరిగేది అలా ఉండదు. తీసుకెళ్లేది పక్క వీధి అక్కో, బావగారి స్నేహితుడో అయి ఉంటారు. టికెట్ కొంటారు, సూట్‌కేసు సర్దిస్తారు, హైదరాబాద్ బస్సు దాకా వచ్చి ఎక్కిస్తారు.

2000 నవంబరు 15న ఐక్యరాజ్యసమితి జనరల్ అసెంబ్లీ ఒక ప్రోటోకాల్‌ను ఆమోదించింది. ఇటలీలోని పలెర్మోలో దేశాలు సంతకాలు చేశాయి గనుక పలెర్మో ప్రోటోకాల్ అంటారు. అది చూడమనేది మూడు సంగతులు. ఒకటి, మనిషిని చేర్చుకోవడం, తరలించడం, ఎక్కడో ఉంచడం. రెండు, అది ఎలా చేశారన్నది: బెదిరించా, మోసం చేసా, ఆ మనిషి నిస్సహాయతను వాడుకునా? మూడు, ఎందుకు చేశారన్నది, అంటే శ్రమనో శరీరాన్నో దోచుకోవడానికా? మోసంతో ఒప్పించి ఉంటే ఆ ఒప్పుకోలు లెక్కలోకి రాదు. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల విషయంలో రెండోది అసలు చూడనక్కర్లేదు. పిల్లవాడు ఎంత ఇష్టంగా వెళ్లినా నేరమే.

మన దేశం దానిమీద 2002లో సంతకం చేసి 2011లో ధ్రువీకరించింది. ఆ భాషే 2013లో ఐపీసీ 370 సెక్షన్‌లోకి వచ్చింది. 2024 జూలై 1 నుంచి అదే భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) 143. బాధితుల సమ్మతితో నిమిత్తం లేదని ఆ సెక్షన్ వివరణలోనే ఉంది.

అలాగని జీతం తక్కువ ఇచ్చిన ప్రతి యజమానీ ట్రాఫికర్ కాడు. చెప్పిన జీతం కంటే పది దినార్లు తగ్గడం వేరు, పాస్‌పోర్టు లాక్కుని గది తలుపు బయటి నుంచి గడియ పెట్టడం వేరు. అర్జీ రాసేటప్పుడు ఈ తేడా తెలిసేలా రాయాలి.

స్టేషన్‌కి వెళ్తే "తనే వెళ్లింది కదమ్మా" అన్నారు. మరి కేసు ఎలా?

ఈ మాట మేమూ చాలాసార్లు విన్నాం. ఎదురు వాదించే కన్నా కాగితం మీద పెట్టడం మేలు. ఏజెంటు ఏ పని, ఎంత జీతం, ఏ దేశం అని చెప్పాడో ముందు రాయండి. అక్కడ ఏం జరుగుతోందో కింద రాయండి. ఆ రెండింటి మధ్య తేడాయే మోసం. ఫోన్‌పే రసీదులు, వీసా జిరాక్సు, వాట్సాప్ వాయిస్ మెసేజీలు జత చెయ్యండి. ఒకమ్మాయి బాత్‌రూమ్‌లో కుళాయి తిప్పి, ఆ చప్పుడు చాటున మాట్లాడి పంపిన మెసేజ్ విన్నాం. మాటలు సగమే వినపడతాయి, అయినా డిలీట్ చెయ్యకండి.

అర్జీలో ఈ మూడూ ఉండేలా చూసుకోండి: అక్రమ రవాణాకు బీఎన్ఎస్ 143, మోసానికి బీఎన్ఎస్ 318, లైసెన్సు లేకుండా మనుషుల్ని విదేశాలకు పంపినందుకు 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం. ఈ చివరి చట్టం కింద రెండేళ్ల దాకా జైలు. జరిమానా మాత్రం రెండు వేల రూపాయలకు మించదు. 1983లో అది పెద్ద మొత్తమేమో గానీ ఇవాళ ఏజెంటు ఒక పూట ఖర్చు కూడా కాదు. 143 కింద అయితే ఏడేళ్లకు తక్కువ కాకుండా పదేళ్ల దాకా జైలు. ఒకరి కంటే ఎక్కువ మందిని పంపితే పదేళ్ల నుంచి యావజ్జీవం. అందుకే అదే ఏజెంటు పంపిన మిగతా వాళ్ల ఇళ్లనూ వెతికి పట్టుకుని కలిసి అర్జీ పెట్టమంటాం.

మా పరిధి కాదంటే జీరో ఎఫ్ఐఆర్ అడగండి. ఎక్కడ జరిగినా ఫిర్యాదు తీసుకుని తర్వాత సంబంధిత స్టేషన్‌కి పంపాలని కొత్త భారతీయ నాగరిక సురక్షా సంహితలోనే ఉంది. జిల్లాలో మానవ అక్రమ రవాణా నిరోధక విభాగం ఉంటుంది, ఎస్పీ ఆఫీసులో అడగొచ్చు. లాయరుకి డబ్బుల్లేవని ఆగిపోవద్దు. 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్‌లో అక్రమ రవాణా బాధితులను విడిగా పేర్కొన్నారు. ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరును పెట్టాలి. నంబరు 15100.

విజిట్ వీసా మీద వెళ్లు, అక్కడ మారుస్తాం అంటున్నారు. ఫర్వాలేదా?

ఫర్వా ఉంది. కాస్త పెద్ద కథే ఇది.

పదో తరగతి పాసవని వాళ్ల పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని అచ్చవుతుంది. అలాంటి వాళ్లు గల్ఫ్ సహా 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే కేంద్ర ప్రభుత్వ అధికారి అనుమతి కావాలి. ఆడవాళ్లయితే ముప్పై ఏళ్లు నిండాలి. ఈసీఆర్ ఉన్న ఆడవాళ్ల నియామకాన్ని కేంద్రం 2016లో ప్రభుత్వ సంస్థల చేతికిచ్చింది. మన రాష్ట్రంలో ఓమ్‌క్యాప్ అలాంటిది. ఇవన్నీ ఆడవాళ్లను కాపాడటానికే పెట్టారు, కాదనలేం. కానీ ఇరవై ఆరేళ్ల పిల్లకు ఇంటిమీద అప్పుంది, నాలుగేళ్లు ఆగమంటే ఆగుతుందా? ఏజెంటు సరిగ్గా అక్కడే దూరతాడు. విజిట్ వీసాకు ఈ అనుమతి అడగరు. "ఇమిగ్రేషన్ కౌంటర్లో అడిగితే చుట్టాలింటికి అని చెప్పు" అని పాఠం చెప్పి పంపిస్తాడు. కొందరిని దుబాయ్‌లో దింపి అక్కణ్నుంచి మస్కట్‌కో మరో చోటికో మారుస్తారు. కాపాడాలనుకున్న గీత దాటినవాళ్లు ఏ రికార్డులోనూ ఉండరు. ఆ వయసు నిబంధన పెట్టిన వాళ్లు మా బల్ల దగ్గర ఓ వారం కూర్చుంటే బాగుండేదని మా అభిప్రాయం.

వీసా కాగితం చేతికి రాగానే ఒక్క గడి చూడండి. వృత్తి అని ఉన్న చోట ఏం రాశారు? కువైట్ అయితే 20 నంబరు వీసా అంటే ఇంటి పని, 18 అంటే కంపెనీ పని. హాస్పిటల్‌లో క్లీనింగ్ అని చెప్పి 20 నంబరు ఇస్తే మోసం అక్కడే బయటపడింది. విజిట్ అని ఉంటే అది పనిచేసుకునే వీసానే కాదు. గడువు దాటిన మర్నాటి నుంచి మీరే నేరం చేసినవాళ్లవుతారు, ఏజెంటు కాదు. అరబ్బీలోనే ఉంటే ఊళ్లో గల్ఫ్ చేసొచ్చిన వాళ్లు బోలెడుమంది, చదివించుకోండి.

లైసెన్సున్న ఏజెంటు ఎవరో ఎలా తెలుస్తుంది? ఎంత తీసుకోవాలి?

విదేశాంగ శాఖ ఈమైగ్రేట్ వెబ్‌సైటులో లైసెన్సున్న వాళ్ల జాబితా ఉంటుంది, ఫోన్లోనే చూడొచ్చు. సర్వీసు చార్జి 30 వేల రూపాయలు, దానిమీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. సబ్ ఏజెంటు అన్నమాటకు చట్టంలో చోటే లేదు. "నేను ఫలానా హైదరాబాద్ ఆఫీసు తరఫున" అన్నా సరే.

ఇళ్లలో పనికి వెళ్లే ఆడవాళ్ల దగ్గర కొందరు ఏజెంట్లు పైసా తీసుకోరు, పైగా ఇంట్లో ఖర్చులకని ఎదురు డబ్బిస్తారు. దానికి మురిసిపోవద్దు. అక్కడి యజమాని దగ్గర తీసుకున్న దాంట్లోంచే అది ఇస్తున్నాడు. రేపు ఆ యజమాని "నిన్ను కొనుక్కున్నాను" అనేది ఆ లెక్కతోనే.

"నీమీద రెండు లక్షలు పెట్టాను, కట్టి వెళ్లు" అంటున్నాడట. పాస్‌పోర్టు కూడా వాళ్ల దగ్గరే ఉంది.

గల్ఫ్‌లో మనిషి అకామా, అంటే అక్కడ ఉండటానికిచ్చే అనుమతి, కఫీల్ (స్పాన్సరు చేసిన యజమాని) చేతిలో ఉంటుంది. అతని ఇల్లు వదిలి బయటికొస్తే పరారీ కేసు పెడతాడు, సౌదీలో హురూబ్ అంటారు. కొట్టినవాడు ఇంట్లో ఉంటాడు, దెబ్బలు తిన్న మనిషి పోలీసులకు దొరక్కుండా తిరగాలి. కఫాలా పద్ధతిలో అసలు చిక్కు ఇదే.

అక్కడా చట్టాలు లేకపోలేదు. యూఏఈ 2006లో, బహ్రెయిన్, ఒమన్ 2008లో, సౌదీ 2009లో, ఖతర్ 2011లో, కువైట్ 2013లో అక్రమ రవాణా నిరోధక చట్టాలు చేశాయి. ఇంటి పనివాళ్ల కోసం కువైట్ 2015లో విడిగా 68వ నంబరు చట్టం తెచ్చింది: రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు, వారానికో సెలవు, ఆ మనిషి ఒప్పుకోకుండా పాస్‌పోర్టు దాచకూడదు. ఇంటి పనివాళ్ల నియామకంపై మన దేశానికీ కువైట్‌కీ 2021 జూన్‌లో ఒప్పందం కుదిరింది. ఖతర్‌లో 2020 జనవరి నుంచి ఇంటి పనివాళ్లకు కూడా దేశం విడిచే అనుమతి పత్రం అక్కర్లేదు, అదే ఏడాది యజమాని మారడానికి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదని పాత యజమాని ఇచ్చే పత్రం) నిబంధన తీసేశారు. సౌదీ 2021లో తెచ్చిన సంస్కరణల్లో ఇంటి పనివాళ్లను కలపలేదు.

కాగితం మీద ఇంత ఉన్నా, నాలుగు గోడల మధ్య ఏం జరుగుతుందో చూసే ఇన్‌స్పెక్టరు లేడు. కాబట్టి చెయ్యాల్సింది: ఆ రెండు లక్షలు ఇంటి దగ్గర అప్పుచేసి పంపకండి. ఏజెంటుకు యజమాని కట్టిన కమీషన్ బాకీ పనిమనిషిది కాదు. వీలు చిక్కితే ఎంబసీకి చేరమనండి. ఎంబసీకి పరిగెత్తిన వాళ్లు దొంగలు కారు.

ఎంబసీకి ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. ఇంకేం దారి?

విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఇక్కడి నుంచే ఫిర్యాదు పెట్టొచ్చు. నంబరు వస్తుంది, అది పట్టుకుని వెంటపడొచ్చు. 1800 11 3090కి ఫోన్ చేసి తెలుగులో మాట్లాడేవాళ్లను అడగండి. ప్రవాసాంధ్రుల కోసం మన రాష్ట్రం పెట్టిన ఏపీఎన్ఆర్టీఎస్‌కు 24 గంటల హెల్ప్‌లైన్ ఉంది, గల్ఫ్‌లో వాళ్ల తెలుగు వలంటీర్లూ ఉన్నారు. మా అనుభవంలో ముందు కదిలేది వాళ్లే.

టికెట్‌కు డబ్బుల్లేకపోతే ఎంబసీ దగ్గర 2009లో పెట్టిన ఇండియన్ కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ ఉంటుంది. తిండి, వసతి, టికెట్, అవసరమైతే లాయరు ఖర్చు అందులోంచి ఇవ్వొచ్చు. పాస్‌పోర్టు లేకపోయినా ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తారు, మనవాళ్లు ఔట్‌పాస్ అనేది అదే. అయితే పరారీ కేసు తేలి, అక్కడి ప్రభుత్వం బయటికి పోనిచ్చేదాకా ఔట్‌పాస్ చేతిలో ఉన్నా విమానం ఎక్కలేరు. వారాలు పట్టొచ్చు. ఇంట్లోవాళ్లు ఆ ఆలస్యాన్ని ఎంబసీ నిర్లక్ష్యం అనుకుంటారు. కొన్నిసార్లు నిజమే, చాలాసార్లు కాదు.

బీమా ఉంటుందటగా?

ప్రవాసీ భారతీయ బీమా యోజన. ఈసీఆర్ వాళ్లకు తప్పనిసరి. రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలు, ప్రమాదంలో చనిపోయినా శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షలు. విజిట్ వీసా మీద వెళ్లినవాళ్లకు ఇది ఉండదు.

మా అబ్బాయి బీటెక్. కంబోడియాలో డేటా ఎంట్రీ, నెలకు డెబ్బై వేలు అంటున్నారు.

ముందు ఆగండి. చదువుకున్న మగపిల్లలకు వేసే వల ఇది. టైపింగ్ టెస్టు పెడతారు, జూమ్‌లో ఇంటర్వ్యూ చేస్తారు, ఆఫర్ లెటరూ ఇస్తారు. తీరా వెళ్లాక పాస్‌పోర్టు లాక్కుని, చుట్టూ కంచె ఉన్న భవనంలో పెట్టి, మన దేశంలోని వాళ్లకే ఫోన్లు చేయించి మోసాలు చేయిస్తారు. టార్గెట్ చెయ్యకపోతే కొట్టడం, కరెంటు షాకులు. 2024 మే నెలలో విశాఖ పోలీసులు ఇలాంటి ముఠాను బయటపెట్టారు, చాలామంది కుర్రాళ్లు తిరిగొచ్చారు. మయన్మార్‌లోని మ్యావడీ నుంచి 2025 మార్చిలో మన వైమానిక దళం విమానాల్లో 549 మందిని తెచ్చారు, అందులో తెలుగువాళ్లూ ఉన్నారు. మయన్మార్‌లో కనీసం లక్షా ఇరవై వేల మంది, కంబోడియాలో లక్ష మంది ఇలా చిక్కుకుని ఉండొచ్చని ఐరాస మానవ హక్కుల కార్యాలయం 2023లో అంచనా వేసింది.

కంబోడియా ఆ 18 దేశాల జాబితాలో లేదు. మీవాడి పాస్‌పోర్టు మీద ఈసీఆర్ కూడా ఉండదు. అంటే పైన చెప్పిన జల్లెడ ఏదీ వాడికి అడ్డురాదు. ఇంట్లో మీరే అడ్డుపడాలి.

తిరిగొచ్చాక పోలీసులు వాడినే సైబర్ నేరగాడు అంటారేమో?

ఆ టెన్షన్ ఊరికే రాలేదు. బలవంతంగా చేయించిన నేరానికి బాధితుణ్ని శిక్షించకూడదన్నది అంతర్జాతీయంగా ఒప్పుకున్న సూత్రం, కానీ మన చట్టంలో అది స్పష్టమైన సెక్షన్‌గా రాలేదు. కాబట్టి దిగిన వెంటనే లాయరుతో కలిసి తనే వెళ్లి వాంగ్మూలం ఇవ్వడం మంచిది. ఎవరు పంపారు, డబ్బు ఏ ఖాతాలోకి వెళ్లింది అన్నది చెప్పగలిగితే పోలీసులకు వాడు సాక్షి అవుతాడు. అక్కడి ఫోన్ పారేయకండి.

ఐక్యరాజ్యసమితి, అమెరికా రిపోర్టులు, ఒప్పందాలు... వీటివల్ల సఖినేటిపల్లిలో మాకేంటి?

నేరుగా ఏమీ లేదు. చుట్టూ తిరిగి వస్తుంది. 1950 మే 9న న్యూయార్క్‌లో మన దేశం ఒక ఒప్పందం మీద సంతకం పెట్టింది గనుకే 1956లో వ్యభిచార వ్యాపార నిరోధక చట్టం వచ్చింది. పలెర్మో వల్ల 370 మారింది. వ్యభిచారం కోసం ఆడవాళ్లను, పిల్లలను సరిహద్దులు దాటించడం మీద సార్క్ దేశాలకు 2002 నాటి ఒప్పందం ఉంది. అమెరికా 2000లో చేసిన చట్టం కింద ఏటా అన్ని దేశాలకూ గ్రేడులిస్తుంది. మనం 2011 నుంచి రెండో శ్రేణిలోనే ఉన్నాం. వాళ్లెవరు మనకు మార్కులెయ్యడానికి అని కోపం వచ్చినా, ఆ రిపోర్టు వచ్చే ముందు ఫైళ్లు కదులుతాయన్నదీ నిజమే.

ఇంటి పనివాళ్ల హక్కులపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో 189వ నంబరు ఒడంబడిక చేసింది. మన దేశం దాన్ని ఇంకా ధ్రువీకరించలేదు. మన ఆడవాళ్లకు కువైట్‌లో వారానికో సెలవు కావాలని అడిగే మనం, భీమవరంలో పనిమనిషికి ఆ సెలవు రాసివ్వడానికి సిద్ధంగా లేం మరి.

మన దేశంలో దీనికి ప్రత్యేకంగా ఒక్క చట్టం లేదా?

లేదు. రాజ్యాంగం 23వ అధికరణం మనుషుల వ్యాపారాన్ని, వెట్టిని నిషేధించింది. మిగతాది నాలుగైదు చట్టాల్లో ముక్కలుగా ఉంది. హైదరాబాద్‌కు చెందిన ప్రజ్వల సంస్థ 2004లో సుప్రీంకోర్టుకెక్కింది. 2018 జూలైలో ఒక బిల్లు లోక్‌సభ దాటి, రాజ్యసభ ఆమోదం పొందకుండానే 2019లో మురిగిపోయింది. 2021లో ఇంకో ముసాయిదా వచ్చింది, అదీ చట్టం కాలేదు. 2019లో జాతీయ దర్యాప్తు సంస్థ ఎన్ఐఏకు మాత్రం ఈ కేసులు దర్యాప్తు చేసే అధికారం ఇచ్చారు. 2022లో దేశం మొత్తం మీద నమోదైన అక్రమ రవాణా కేసులు 2,250. ఇంత పెద్ద దేశంలో ఆ అంకె చూస్తే నేరాలు తక్కువని కాదు, నమోదు తక్కువని అర్థమవుతుంది.

మన దగ్గరికి వచ్చేవాళ్ల సంగతేంటి? ఒడిశా నుంచి ఇటుక బట్టీలకు, రొయ్యల ప్లాంట్లకు వస్తారు కదా.

ఈ ప్రశ్న అడిగేవాళ్లు చాలా తక్కువ. అడిగిన ఒక మాస్టారికి దండం పెట్టాం.

రొయ్యల చెరువు గట్టు మీద రేకుల పాకలో కాపలా ఉండే కుటుంబాన్ని చూడండి. మొగుడికి అడ్వాన్సు ఇచ్చారు, పెళ్లామూ పిల్లలూ కూడా మేత వేస్తారు, ఏరియేటర్లు చూస్తారు. జీతం మొగుడికే. అడ్వాన్సు తీరేదాకా కదలకూడదు, ఆధార్ కార్డులు ఓనరు బీరువాలో. పాస్‌పోర్టుకీ ఆధార్‌కీ పేరు తప్ప తేడా ఏముంది? కూతురు దోహాలో ఇరుక్కుందని మా దగ్గర ఏడ్చిన ఒకాయన చెరువు మీద ఇలాంటి కుటుంబమే ఉంది. ఆయనకు ఆ రెండూ ఒకటేనని తట్టలేదు, మేం చెబితే నచ్చలేదు కూడా.

1976 చట్టం ప్రకారం వెట్టి అప్పు చెల్లదు, తీర్చనక్కర్లేదు. కనీస వేతనం కంటే తక్కువకు పనిచేయించడమే 23వ అధికరణం కింద బలవంతపు చాకిరీ అని 1982లో ఆసియాడ్ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆర్డీవోకో కలెక్టరుకో అర్జీ పెడితే విచారించి విముక్తి పత్రం ఇవ్వాలి. పునరావాసం కింద మగవాళ్లకు లక్ష, ఆడవాళ్లకు, పిల్లలకు రెండు లక్షలు, అక్రమ రవాణా లాంటి దారుణమైన కేసుల్లో మూడు లక్షలు. తక్షణ సాయం ముందు అందుతుంది, మిగతాది నేరం రుజువయ్యాకే. ఇక్కడే చాలామంది అలిసిపోయి వెళ్లిపోతారు.

పిల్లాడు కనపడటం లేదు. 24 గంటలు ఆగమన్నారు.

ఆగనక్కర్లేదు. తప్పిపోయిన ప్రతి బిడ్డ విషయంలో ఎఫ్ఐఆర్ కట్టాలని 2013 మేలో సుప్రీంకోర్టు ఆదేశించింది. 112కి, 1098కి వెంటనే చెయ్యండి. రైలెక్కి ఉంటాడనిపిస్తే 139. నరసాపురం, భీమవరం, నిడదవోలు స్టేషన్లలో ఆర్పీఎఫ్ వాళ్లకు ఫొటో ఇవ్వండి.

తిరిగొచ్చిన అమ్మాయి గురించి ఊళ్లో ఏదేదో అంటున్నారు. పెళ్లి ఎలా?

చట్టం దీనికి ఏమీ చెయ్యలేదు. ఆమె అక్కడ ఏం పడిందో చెప్పమని ఎవరూ నొక్కి అడగకండి, చుట్టాలతో సహా. లైంగిక హింస జరిగి ఉంటే పేరు, ఫొటో బయటపెట్టడం నేరం. యూట్యూబ్ చానెళ్ల వాళ్లకు ఇంటర్వ్యూలు ఇచ్చే ముందు ఆ ఒక్క మాట గుర్తుంచుకోండి. బాధితుల పరిహారం కోసం జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టొచ్చు, 181కి చేస్తే కౌన్సెలింగ్ ఉంటుంది. పెళ్లి సంగతి ఆమెను అడగండి.

రేపు రాత్రే హైదరాబాద్ బస్సు. ఇప్పుడైనా చూసుకోవాల్సినవి ఏంటి?

పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం, ఏజెంటు ఫొటో అన్నీ ఇంట్లో ఇద్దరి ఫోన్లకు పంపండి. అక్కడ ఫోన్ లాక్కుంటారు, కాబట్టి ఒక్క నంబరైనా నోటికి రావాలి. ఎంబసీ నంబరు కాగితం మీద రాసి బట్టల్లో ఎక్కడో కుట్టుకోండి. పక్కన ఎవరో ఉండి మాట్లాడిస్తున్నారని తెలియడానికి ఇంట్లో ఒక మాట అనుకోండి. ఒకావిడ "లేసు అల్లిక ఎంతవరకు వచ్చింది" అని అడిగితే ప్రమాదం అని గుర్తు పెట్టుకుంది. ఇమిగ్రేషన్ అధికారి అడిగితే ఏజెంటు నేర్పిన పాఠం కాదు, నిజం చెప్పండి. తిప్పి పంపేశారనుకోండి, ఆ టికెట్ డబ్బు కట్టమని ఏజెంటు ఇంటిమీదకి వస్తే ఆ తేదీ, ఆ మాటలు కూడా అర్జీలో రాయించండి.